తలుపు మీద డాక్టరు

"ఆవిడ నీ కక్షిదారు కాదు కదయ్యా. మరి నీకిక్కడ ఏం పని?" ఇన్‌స్పెక్టరు గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగాడు.

"కక్షిదారు ఎలా అవుతుంది సార్, నేను లాయర్నయితే కదా," అన్నాడు లాయరు.

అదే అతనితో వచ్చిన చిక్కు. అందరూ అతన్ని లాయరనే పిలుస్తారు. లా చదివాడు, పాసయ్యాడు, పట్టా పుచ్చుకున్నాడు. అంతవరకే. కోర్టులో నిలబడి వాదించాలంటే పట్టా ఒక్కటే చాలదు, బార్ కౌన్సిల్ రిజిస్టరులోకి పేరెక్కాలి. ఎక్కించుకునే లోపే ఈ డిటెక్టివ్ పనిలో పడ్డాడు, పడినవాడు ఇక లేవలేదు. "లాయర్ని కాదండీ, లా చదివినవాణ్ణి" అని చాలాకాలం ఓపిగ్గా దిద్దాడు. ఈ మధ్య మానేశాడు. ఫోను మోగని రోజులే ఎక్కువైనప్పుడు, ఏదో ఒక పేరుతో ఎవరో ఒకరు పిలిస్తే అదే పదివేలు అనిపిస్తుంది.

"మందుల షాపావిడ ఫోన్ చేసి రమ్మంది, వచ్చాను. కాసేపు చూసి పోతాను," అన్నాడు.

"నాలుగింటికి ఆవిణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మూడున్నరకి జీపు కదుల్తుంది. అప్పటిదాకా ఏం చూసుకుంటావో చూసుకో. మా డాక్టరుగారు హాల్లో రిపోర్టు రాస్తున్నారు, ఆయన పనికి మాత్రం అడ్డం పడకు." ఇన్‌స్పెక్టరు పక్కకి తప్పుకున్నాడు.

తలుపు మీద ఇత్తడి పలక ఉంది. దాని పక్కనే పాలసంచీ తగిలించే కొక్కెం. సంచీ రాసుకుని రాసుకుని పలక మీద పేరు అరిగిపోయింది. పేరుకి ముందున్న ‘డాక్టర్’ మాత్రం సంచీకి అందలేదు కాబట్టి నిక్షేపంగా మిగిలింది. ఏ చదువు చదివాడో చెప్పే పొడి అక్షరాలు దాని మీద ఎక్కడా లేవు. లాయరు ఆ పలకని రెండుసార్లు చదివి లోపలికి అడుగుపెట్టాడు.

జరిగింది ఇంతే. నిన్న పొద్దున పాలమనిషి బెల్లు కొట్టి కొట్టి విసిగి తలుపు తోస్తే అది తెరుచుకుంది. ఆ ఇంట్లో ఒక్కడే ఉండే పెద్దాయన సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడు. ఎడమ జబ్బకి రబ్బరు గొట్టం, ముంజేతిలో దిగిన సూది, పక్కన ఖాళీ అయిన మత్తుమందు సీసా. సీసా ఉన్నది వీధి మలుపులో ఉన్న మందుల షాపు కవరులో. బతుకు మీద విరక్తి పుట్టి డాక్టరు తనకు తానే ఇంజెక్షను చేసుకున్నాడు, చీటీ లేకుండా ఆ మందు అమ్మి షాపావిడ చావుకి సాయపడింది అని పోలీసులు తేల్చేశారు. శవాన్ని ఆసుపత్రికి పంపేశారు, నిన్న సాయంత్రమే షాపుకి సీలు పడింది. కవరు గుర్తుపట్టడానికని ఇవాళ ఆవిణ్ణి ఇక్కడికి తెచ్చి, పడగ్గదిలో ఒక మహిళా కానిస్టేబులు కాపలాతో కూర్చోబెట్టారు.

లాయరు ముందు ఆ గదిలోకే వెళ్ళాడు.

ఫార్మసిస్టు మంచం మీద కూర్చోలేదు. పోయినవాడి మంచమని కాబోలు, గోడవార ఉన్న ముక్కాలి పీట మీద ఒదిగి కూర్చుంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"నా లైసెన్సు పోతుందా లాయరుగారూ?" అదీ ఆవిడ అడిగిన మొదటి మాట. "బీఫార్మసీ చదవడానికి మా అమ్మ గాజులు అమ్మింది. చదువు అయ్యాక కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని ఆ కాగితం ఫ్రేము కట్టించి షాపులో గోడకి తగిలించాను. రూలు ప్రకారం అది అందరికీ కనబడేలా ఉండాలి. నిన్న సీలు వేసేటప్పుడు దాన్ని తీసి బల్ల మీద బోర్లించారు. మా అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు."

"పోదు. నేను అడిగినవాటికి చెప్పండి చాలు. ఆ మత్తుమందు మీ షాపులో ఉందా?"

"అది ఆపరేషన్ థియేటర్లకి వెళ్ళే సరుకండీ. నేను తెప్పించను, తెప్పించాల్సిన అవసరమూ లేదు. స్టాకు చూసుకోండి అంటే, చాటుగా తెప్పించి ఉంటావులే అన్నారు."

"కవరు మాత్రం మీదే."

"మాదే. ఇంట్లో ఇంకో పాతిక దొరుకుతాయి వెతికితే. ఆయన రోజూ వచ్చేవారు. బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి. ఏ రోజు మాత్రలు ఆ రోజే కొనేవారు. నెలకి సరిపడా తీసుకోండి సార్, ఈ మెట్లు ఎక్కి దిగడం ఎందుకు అంటే, నడక మంచిదమ్మా అనేవారు."

లాయరు కూడా ఆ షాపులోనే తలనొప్పి మాత్రలు ఒక్కొక్కటీ కొంటాడు. చాలాసార్లు తలనొప్పి ఉండదు. ఆవిడకి ఆ సంగతి తెలుసేమోనన్న అనుమానం మొదటిసారి వచ్చి సిగ్గేసింది.

"డాక్టరై ఉండి మందులు ఒక్కొక్కటి కొనడమేంటి?" అన్నాడు, మాట మార్చడానికి.

"ఆయన డాక్టరు కాదండీ." ఆవిడ తలెత్తింది. "అంటే, డాక్టరే. మనకి మందులు రాసే డాక్టరు కాదు. జోలపాటల మీద పీహెచ్‌డీ చేశారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు."

"జోలపాటలా?"

"పిల్లల్ని నిద్రపుచ్చే పాటలు. ఊరూరా తిరిగి, తల్లుల దగ్గర కూర్చుని విని రాసుకున్నారట. ఆయనకి పెళ్ళే కాలేదు." ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "బిల్డింగులో ఎవరికీ తెలీదు. దగ్గని, జ్వరమని బెల్లు కొట్టేవాళ్ళు. ఆయన లోపల కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మొత్తం విని, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి అని పంపేవారు. ఒక్కరికి కూడా మందు పేరు చెప్పలేదు. ఇలా నటించడం తప్పు కాదా సార్ అని ఒకరోజు అడిగాను. నేను నటించలేదమ్మా, వాళ్ళే అనుకున్నారు అన్నారు. కాసేపాగి, నిజం చెప్పేస్తే ఇంకెవరు బెల్లు కొడతారు అన్నారు."

మహిళా కానిస్టేబులు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

"సూది వేసుకోవడం ఆయనకి వచ్చా?"

"ఆయనకా? బలానికి ఇంజెక్షన్లు రాస్తే పక్క క్లినిక్కులో నర్సు వేసేది. నేను తోడు వెళ్ళి చెయ్యి పట్టుకోవాలి. కళ్ళు గట్టిగా మూసుకుని, అయిపోయిందా అయిపోయిందా అనేవారు."

"ఇదంతా ఇన్‌స్పెక్టరుకి చెప్పారా?"

"చెప్పబోయాను. హాల్లో ఉన్న డాక్టరుగారు, ఈవిడ కట్టుకథలు తర్వాత విందాం అన్నారు."

లాయరు ఆ మాట మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు. "ఈ వారంలో మామూలుగా లేనిది ఏదైనా జరిగిందా? ఎంత చిన్నదైనా సరే."

"బిస్కెట్లు కొన్నారు. షుగరు కదా సార్ అంటే, నాక్కాదమ్మా, మనిషి వస్తున్నాడు అన్నారు. ఎప్పుడో వేరే ఊళ్ళో ఉన్నప్పటి పరిచయమట. పేపర్లో ఫోటో చూసి గుర్తుపట్టారట. ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. నాకు తెలిసి ఆయనింటికి ఒంట్లో బాగున్న మనిషి రావడం అదే మొదలు."

"పేరు?"

"చెప్పలేదండీ. అడగాల్సింది. బేరాలున్నాయి, అడగలేదు." ఆవిడ కళ్ళజోడు మళ్ళీ తీసింది.

పుస్తకాల అరలో అడుగున నల్ల అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఉంది. లాయరు దాన్ని లాగి మొదటి పేజీ చూసి, కానిస్టేబులు చేతిలో పెట్టాడు. "పిలిచినప్పుడు తెండి మేడమ్," అని హాల్లోకి నడిచాడు.

హాల్లో ఇన్‌స్పెక్టరు చెప్పిన డాక్టరుగారు, పోలీసుల నిపుణుడు, కాలు మీద కాలు వేసుకుని రాసుకుంటున్నాడు. మడత నలగని చొక్కా, మెరిసే బూట్లు, పక్కన తోలుసంచీ. అనుమానాస్పదంగా ఎవరు పోయినా ఇన్‌స్పెక్టరు ముందు ఈయనకే కబురు పెడతాడు. ఆసుపత్రి నుంచి శవపరీక్ష నివేదిక వచ్చే లోపే ఈయన అభిప్రాయం స్టేషనుకి చేరిపోతుంది, దాని చుట్టూ కేసు అల్లుకుంటుంది. ఈయన విజిటింగ్ కార్డు మీద కూడా పేరుకి ముందు ‘డాక్టర్’, కింద ‘నేర పరిశోధన నిపుణులు’ అని మాత్రమే ఉంటుంది. ఆ కార్డు లాయరు దగ్గర ఒకటుంది. ఒక డ్రైవరు కేసులో లాయరు కిందామీదా పడి సంపాదించిన సాక్ష్యానికి ఈయన బోనులోకి ఎక్కి ఒక్క ముక్కతో గాలి తీసేశాడు. "డాక్టరుగా చెబుతున్నాను" అన్నాడు. జడ్జి తలాడించాడు. డ్రైవరు జైలుకి పోయాడు.

"ఓ, లాయరుగారు కాని లాయరుగారు," అన్నాడు నిపుణుడు తలెత్తకుండా.

"నమస్కారం. మీరు రాసుకోండి," అన్నాడు లాయరు. ఒళ్ళు మండింది కానీ పైకి తేలనివ్వలేదు.

గది చిన్నది. సోఫా, దానికి ఎదురుగా ఒక కుర్చీ, మధ్యలో టీ బల్ల. గోడ మీద ఒక మేకు, దాని కింద రంగు వెలవని చదరం. అక్కడ ఎన్నో ఏళ్ళు వేలాడిన ఫోటో ఇప్పుడు బల్ల మీద నిలబెట్టి ఉంది. గోధుమరంగు కుక్క, ఒక చెవి నిలబడి, ఇంకో చెవి వాలిపోయి. ఫోటో ముందు తోలు మెడపట్టీ. పాతదే, కానీ నూనె రాసి తుడిచినట్టుంది. పక్కన పళ్ళెంలో బిస్కెట్లు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. ఒక కప్పు. సాసర్లు మాత్రం రెండు, ఒకదాని మీద ఒకటి.

లాయరు వంటింట్లోకి తొంగిచూశాడు. కప్పులన్నీ గూట్లో బోర్లించి ఉన్నాయి. ఒకటి మాత్రం సింకు పక్కన, కడిగి, వెల్లకిలా పెట్టి ఉంది.

"సార్, ఒకసారి ఇలా రండి," అని ఇన్‌స్పెక్టర్ని పిలిచాడు. "ఈ ఫోటో ఎటు తిరిగుందో చూడండి."

"కుర్చీ వైపు. అయితే?"

"చచ్చిపోదామనుకుని సోఫాలో కూర్చున్నవాడు తన కుక్క మొహం తనవైపు తిప్పుకుంటాడు. ఎదుటి కుర్చీకి ఎందుకు చూపిస్తాడు? ఆ కుర్చీలో మనిషున్నాడు కాబట్టి. బిస్కెట్లు ఆ మనిషికే. ఆయనకి షుగరు. రెండు సాసర్లున్నాయి, రెండో కప్పు కడిగేసి ఉంది. తలుపు గడియ కూడా వచ్చినవాడు పోతూ వేయలేకపోయాడు, లోపలి గడియ బయటినుంచి పడదుగా."

ఇన్‌స్పెక్టరు గడ్డం గోక్కున్నాడు. నిపుణుడు కలం మూత పెట్టాడు.

"మొన్న ఎవరో వచ్చి టీ తాగి వెళ్ళారు. ఆ తర్వాత ఆయన ఈ పని చేసుకున్నాడు. దీనికి ఇంత హంగామా ఎందుకు?" అన్నాడు.

"శవం చేతి ఫోటో మీ ఫోనులో ఉందా సార్?" లాయరు ఇన్‌స్పెక్టర్నే అడిగాడు.

ఉంది. లాయరు దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ముంజేయి పైభాగాన, మణికట్టుకీ మోచేతికీ నడిమధ్యన సూది దిగింది. దాని చుట్టూ అగ్గిపెట్టెంత మేర నెరిసిన వెంట్రుకలు లేవు. కత్తెరతో కురచగా, నీటుగా కత్తిరించారు. లాయరు కిందికి వంగి సోఫా అంచు చూశాడు. తెల్లటి వెంట్రుక ముక్కలు నాలుగు గుడ్డకి అంటుకుని ఉన్నాయి.

"ఈ వెంట్రుకలు ఎందుకు తీసినట్టు?"

"సిర కనబడాలిగా," అన్నాడు నిపుణుడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "పని తెలిసినవాడు ముందు చోటు శుభ్రం చేసుకుంటాడు. పోయినవాడు డాక్టరు, పద్ధతిగా చేసుకున్నాడు. నేనూ డాక్టరుగానే చెబుతున్నాను."

"జోలపాటల డాక్టరుకి ఈ పద్ధతి ఎవరు నేర్పారంటారు?"

నిపుణుడి చేతిలో కలం మూత ఊడి కింద పడింది. అతను దాన్ని తీసుకోలేదు.

"ఏ డాక్టరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

లాయరు పిలిచాడు. మహిళా కానిస్టేబులు నల్లట్ట పుస్తకం తెచ్చి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు మొదటి పేజీ చదివి, మళ్ళీ చదివి, మొహం చిట్లించాడు.

"యూనివర్సిటీ వాళ్ళు పరిశోధనకి ఇచ్చే డాక్టరేటు సార్ ఇది. జోలపాటల మీద కావచ్చు, చీమల మీద కావచ్చు. పేరుకి ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు. సూది పట్టే హక్కు దీంతో రాదు. దానికి చదువు వేరు, చదివాక మెడికల్ కౌన్సిల్లో పేరు ఎక్కాలి. నా లా పట్టా లాంటిదే ఇదీ. ఉంది, నిజమైనదే, దాంతో చేయగలిగింది ఒకటి, జనం అనుకునేది ఇంకొకటి."

"ఎదురింటివాళ్ళు డాక్టరనే చెప్పారయ్యా. పలక కూడా..."

"పలకే చదివాడు సార్, ఈ నాటకం ఆడినవాడు కూడా. డాక్టరు ఆత్మహత్య చేసుకుంటే ఎలా ఉంటుందో అలా అమర్చాడు. లోపల కూర్చున్న ఆవిడకి పోయినాయన ఏ డాక్టరో తెలుసు. సూది చూస్తే వణికిపోతాడనీ తెలుసు. అలాంటి మనిషి ఈ కథ అల్లదు. ఆయన గురించి ఏమీ తెలియనివాడే ఇది చేశాడు."

ఇన్‌స్పెక్టరు నిపుణుడి వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, ఏమంటారు?"

నిపుణుడు అప్పటికే సర్దుకున్నాడు. "నాకిచ్చిన సమాచారం తప్పు. సరే, అభిప్రాయం మార్చుకుంటాను. అయితే హత్యే. చేసింది ఆసుపత్రిలో పని తెలిసిన మనిషి, ఏ నర్సో, కాంపౌండరో."

"ఎలా చేసి ఉంటాడో ఒకసారి చూపిస్తారా?" లాయరు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "మీకంటే బాగా చూపించేవాళ్ళు ఎవరున్నారు?"

ఆ చివరి మాట పని చేసింది. చదువుకున్నవాడికి పాఠం చెప్పమంటే మానడం కష్టం. నిపుణుడు లేచి వచ్చి, సోఫాలో కూర్చున్న లాయరు ముంజేతిని అందుకున్నాడు. మోచేతి వెనకనుంచి పట్టుకుని, బొటనవేలు పైకి తెచ్చి, అడ్డంగా నొక్కి, పక్కకి దొర్లించాడు. ముంజేయి మీద సిర ఉబ్బింది. రెండో చేత్తో వెంట్రుకలని ఎదురుగా నిమిరి పాయ తీశాడు. అదంతా కళ్ళు మూసుకుని కూడా చేయగలిగినంత అలవాటుగా చేశాడు.

"ఇదిగో, ఇక్కడ," అన్నాడు.

"నేను చాలాసార్లు రక్తం ఇచ్చాను సార్," అన్నాడు లాయరు నెమ్మదిగా. "ప్రతిసారీ మోచేతి మడతలో దూదితో తుడిచి గుచ్చారు. ఎవరూ నా చేతిని ఇలా వెనకనుంచి పట్టుకోలేదు. ఎవరూ వెంట్రుకలు కత్తిరించలేదు." ఇన్‌స్పెక్టరు కేసి చూశాడు. "ఆ ఫోటోలో కుక్క ముందరి కాలు చూడండి."

ఇన్‌స్పెక్టరు ఫోటో అందుకున్నాడు. కుక్క కుడి ముంగాలి మీద, పాదానికీ మోకీలుకీ నడుమ, అగ్గిపెట్టెంత మేర బొచ్చు లేదు. జబ్బు చేసి నయమై ఇంటికొచ్చిన రోజు తీసిన ఫోటో కాబోలు, కుక్క నాలుక బయటపెట్టి నవ్వు మొహంతో ఉంది.

"ఆ కాలికి సెలైను ఎక్కించినవాడే ఈ చేతికి సూది గుచ్చాడు. చెయ్యి మారింది గానీ పద్ధతి మారలేదు."

బొటనవేలు సిర మీద నుంచి కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కుకుంది. లాయరు వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. పక్కనే తోలుసంచీ మూత తెరిచి ఉంది. తనకేమైనా అయితే ఎవరికి ఫోన్ చేస్తారన్న ఆలోచన వచ్చింది. ఎంత వెతికినా ఒక్క పేరూ తట్టలేదు. భయంకన్నా ఆ సంగతే ఎక్కువ బాధపెట్టింది.

"డాక్టరుగారూ, చెయ్యి వదలండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చెయ్యి వదిలాడు.

"మీరు ఏ డాక్టరు సార్?" లాయరు చెయ్యి రుద్దుకుంటూ అడిగాడు. "కోర్టులో ఇన్నిసార్లు డాక్టరుగా చెబుతున్నాను అన్నారు. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, అది నా బుద్ధితక్కువ. మీ పేరు మెడికల్ కౌన్సిల్లో ఉందా, పశువైద్యుల కౌన్సిల్లో ఉందా? ఒక్క ఫోన్ కాల్ చాలు తెలుసుకోవడానికి."

"పశువుల డాక్టరూ డాక్టరే," అన్నాడు నిపుణుడు.

"ముమ్మాటికీ. నోరులేనివాటి నొప్పి కనిపెట్టే చదువు అది, చిన్న చదువు కాదు. అందులోనే ఉండిపోయి ఉంటే మీకు ఈ ఖర్మ పట్టేది కాదు."

ఇన్‌స్పెక్టరు ఫోటో బల్ల మీద పెట్టాడు. అతని మొహంలో రంగు మారింది. "పోయిన వారం స్టేషనుకి ఒక ఫోనొచ్చింది. పెద్దాయన గొంతు. పేపర్లో ఫోటో పడిన డాక్టరుగారి నంబరు కావాలి, పాత పరిచయం అన్నాడు." ఆగాడు. "నేనే ఇచ్చాను."

నిపుణుడు ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. మొన్న కూర్చున్న కుర్చీ అదే అయ్యుండాలి. అందులో కూర్చున్నాక ఇక దాచడానికి ఓపిక లేనట్టు కనబడ్డాడు.

"ఫోన్ చేసి, మిమ్మల్ని గుర్తుపట్టాను అన్నాడు. అంతే. ఇంటికి రమ్మన్నాడు. అలాంటి ఫోను ఎప్పుడో ఒకరోజు వస్తుందని నాకు తెలుసు. సిద్ధంగానే వచ్చాను. తలుపు మీద డాక్టర్ అని చూశాను. ఏం చేయాలో మెట్ల మీదే తోచింది. లోపలికి వస్తే బల్ల మీద ఈ పట్టీ, ఈ ఫోటో. ఆధారాలన్నీ పేర్చి పెట్టుకున్నాడు అనుకున్నాను. నవ్వుతూ, వీడి పేరు గుర్తుందా మీకు అని అడిగాడు. బేరం మొదలుపెట్టాడు అనుకున్నాను. కప్పులో నిద్రమాత్ర వేశాను, ఒరిగిపోయాక సూది గుచ్చాను."

"ఏం అడిగాడు మిమ్మల్ని?" అన్నాడు లాయరు.

"ఇంకా అడగలేదు."

"అడిగేవాడు కాదు." లాయరు బిస్కెట్ల పళ్ళెం వైపు చూశాడు. "మీరు దొంగ డాక్టరో కాదో ఆయనకి పట్టలేదు. ఆ కుక్క పోయాక దాన్ని ఎరిగినవాళ్ళు ఈ లోకంలో ఎవరూ మిగల్లేదు, మీరు తప్ప. దాని గురించి కాసేపు మాట్లాడుకుందామని పిలిచాడు. అందుకే ఫోటో మీవైపు తిప్పాడు."

నిపుణుడు పళ్ళెంకేసి చూశాడు.

"పేరు ఇప్పుడైనా గుర్తొచ్చిందా?"

నిపుణుడు తల అడ్డంగా ఊపాడు.

మూడున్నరకి జీపు కదిలింది. అందులో ఎక్కాల్సిన మనిషి మారిపోయాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం వెంటనే దిగి వెళ్ళలేదు. సోఫా చేతి మీద కూలబడి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ డాక్టరు మాట మీద నేను ఎంతమందిని లోపలికి పంపానో తెలుసా లాయరూ?"

"నాకు ఒకడే తెలుసు సార్. డ్రైవరు. ఇంకా లోపలే ఉన్నాడు."

"వాడి అప్పీలు కూడా కొట్టేశారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పోయిన నెల జైల్లో రెండుసార్లు ఉరేసుకోబోయాడట. కబురొచ్చింది, నేనే పక్కన పడేశాను." టోపీ తీసుకుని పరుగులాంటి నడకతో మెట్లు దిగిపోయాడు. కిందినుంచి జైలుకి ఫోన్ కలపమని అరవడం వినిపించింది.

లాయరు కూడా లేచాడు. జైలుకి అతనూ వెళ్ళాలి, ఇప్పుడే వెళ్ళాలి. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాడు.

ఫార్మసిస్టు పడగ్గదిలోంచి హాల్లోకి వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఇక వెళ్ళిపోవచ్చని, షాపు సీలు సాయంత్రానికి తీసేస్తారని కానిస్టేబులు చెబుతోంది, ఆవిడ వింటున్నట్టు లేదు. బల్ల దగ్గరికి వెళ్ళి ఫోటో తీసుకుంది. కళ్ళజోడు తుడిచే కొంగుతోనే దాని అద్దం తుడిచింది. మునివేళ్ళ మీద నిలబడి, గోడ మీద పాత మేకుకి తగిలించి, వంకర లేకుండా సరిచేసింది.

"బుజ్జిగాడు," అంది, ఎవరితోనూ కాదు. "రోజూ చెప్పేవారు."